అరవైకి సున్నా: మారిషస్‌లో ఆరు రోజులు

మొదటి రోజు, సోమవారం

మా ఆవిడ సముద్రం చూడటానికి వచ్చింది. నేను వచ్చిన పని వేరు. ముప్పై ఏళ్ళకు పైగా రెవెన్యూ శాఖలో చేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో ఎన్నికల డ్యూటీ పడని ఏడాది తక్కువ. బ్యాలెట్ కాగితాలు కట్టలు కట్టిన రోజుల నుంచి ఈవీఎంల దాకా కౌంటింగ్ టేబుళ్ళ దగ్గరే గడిచింది. 2024 నవంబరులో పేపర్లో ఓ మూల చిన్న వార్త చూశాను: మారిషస్‌లో పాలక కూటమికి సున్నా, ప్రతిపక్షానికి 60. అచ్చు తప్పేమో అనుకున్నాను. కాదని తేలాక, ఒక వైపు బెంచీలన్నీ ఖాళీ అయితే ఆ సభ ఎలా నడుస్తుందో చూడాలన్న పురుగు తొలిచింది. మర్నాటి ఏడాది, అంటే 2025లో, అక్కడ చలికాలం నడుస్తుండగా బయల్దేరాం.

ముంబై నుంచి ఆరు గంటలకు పైగా కూర్చుని దిగి, గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకున్నాం. మనకు వీసా అక్కడికక్కడే కొట్టేస్తారు. డబ్బు మార్చే కౌంటర్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. వాళ్ళ రూపాయి మనకు దాదాపు రెండు రూపాయలు. లెక్క సరిపోయిందో లేదో మా ఆవిడ చూస్తోంది, నేను నోట్ల మీది మొహాలు చూస్తున్నాను. మన నోట్లన్నిటి మీదా గాంధీగారు ఒక్కరే. ఇక్కడ నోటుకొక నాయకుడు. 25 మీద మొయిలిన్ జాఁ ఆ-చువెన్, చైనా మూలాల నుంచి వచ్చి మంత్రి అయిన వ్యాపారి. 100 మీద రెంగనాదన్ సీనివాసన్, తమిళుడు. 200 మీద అబ్దుల్ రజాక్ మొహమ్మద్. 500 మీద సుఖ్‌దేవ్ బిసూన్‌దయాళ్. 1000 మీద క్రియోల్ జనం (ఆఫ్రికా మూలాలవాళ్ళు) నెత్తిన పెట్టుకున్న గేతాఁ దువాల్. 2000 మీద తొలి ప్రధాని శివసాగర్ రాంగులాం. ఎవరికెంత విలువ కట్టాలో కూడా కూర్చుని బేరమాడుకుని ఉంటారు. నోటు మీద విలువ ఇంగ్లిషు, తమిళ, హిందీ అక్షరాల్లో ఉంది. 1998లో కొత్త నోట్ల మీద హిందీని తమిళం కంటే పైకి జరిపితే తమిళులు భగ్గుమన్నారు. ఆ నోట్లనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తెలుగు అక్షరం ఎక్కడా లేదు.

టాక్సీ డ్రైవర్ కుర్రాడు. మాది ఏ ఊరో అడగ్గానే వాళ్ళ ఊరి సంగతి నంబరుతో చెప్పాడు. "మీరు దిగింది నంబర్ పన్నెండులో. వెళ్ళేది నంబర్ పద్దెనిమిది." అవి నియోజకవర్గాల నంబర్లు. మహేబూర్–ప్లెన్ మాన్యేన్ అని నోరంతా తిప్పుకోకుండా పన్నెండు అంటారు. బెల్ రోజ్–కాత్ర్ బోర్న్ పద్దెనిమిది. మొత్తం 21 నంబర్లు. ప్రధాన ద్వీపంలో 20, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు. దూరంగా తూర్పున ఉన్న రోడ్రిగ్స్ ద్వీపం నంబర్ 21, దానికి ఇద్దరు. అక్కడికి 62 మంది. ఇక రాజ్యాంగం ఓడిపోయినవాళ్ళలోంచి కూడా ఎనిమిది మంది దాకా తెచ్చి కూర్చోబెట్టొచ్చు అంటుంది. ఆ కథ తర్వాత.

దారి పొడుగునా చెరుకే. మధ్యమధ్య చేలల్లో నల్లరాళ్ళ గుట్టలు. ఆ రాళ్ళన్నీ మనవాళ్ళు చేత్తో ఏరి పోసినవే అన్నాడు డ్రైవర్. మా ఆవిడ సముద్రం ఎప్పుడొస్తుందని అడిగింది.

రెండో రోజు, మంగళవారం

మారిషస్ జాతీయ సభ మామూలుగా మంగళవారాలు, పొద్దున పదకొండున్నరకు కూర్చుంటుంది. నా ప్రయాణమంతా ఈ ఒక్క వాక్యం మీద కట్టుకున్నాను. ఆ వారం సభ ఉందో లేదో కనుక్కోవాలన్న ఇంగితం లేకపోయింది.

కాత్ర్ బోర్న్‌లో మెట్రో ఎక్కి రాజధాని పోర్ట్ లూయీలో దిగాం. మెట్రో అంటారు గానీ చూడటానికి ట్రాము. దిగి ప్లాస్ దార్మ్ వైపు నడిచాం. సముద్రం వైపు నుంచి రెండు వరుసల నిలువెత్తు తాటి జాతి చెట్లు, ఆ చివర గవర్నమెంట్ హౌస్. 1738 నాటి ఫ్రెంచి కట్టడం. దాని ముందు విక్టోరియా రాణి విగ్రహం. ఫ్రెంచివాళ్ళు కట్టుకున్న ఇంటి వాకిట్లో ఇంగ్లిషు రాణి, ఆ ఆవరణలో రాంగులాం, జగన్నాథ్ లాంటి పేర్లవాళ్ళు చేసే చట్టాలు. జగన్నాథ్‌ని వాళ్ళు 'జగ్నోత్' అంటారు. మనం మన చెవితో వింటే తప్ప ఆనవాలు పట్టలేం.

గేటు దగ్గర పోలీసు మర్యాదగా, "ఈ వేళ సభ లేదు మిస్యే" అన్నాడు. అక్కడే రెండు నిమిషాలు ఊరకే నిలబడ్డాను. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ.

మార్కెట్‌కి వెళ్ళి ధాల్ పూరీ తిన్నాం. పూరీ అంటారు గానీ పొంగేదీ కాదు, నూనెలో వేగేదీ కాదు. మన బొబ్బట్టును బెల్లం లేకుండా, ఉడికిన సెనగపప్పు పొడితో పల్చగా వత్తి పెనం మీద కాలిస్తే ఎలా ఉంటుందో అలా. ఎప్పుడూ జంటగానే అమ్ముతారు. లోపల బీన్స్ కూర, టమోటా పులుసు, పచ్చిమిరప నూరిన కారం పెట్టి కాగితంలో చుట్టి ఇస్తారు. ఆ కారం తగిలాక గానీ మా ఆవిడ మొహం విప్పలేదు. పక్క దుకాణంలో అలూదా. మన ఫలూదాయే, దారిలో 'ఫ' పోగొట్టుకుంది.

సభ లోపల చూడలేకపోయినా లెక్క చెప్తాను. 2024 నవంబరు 10న పోలింగ్. మర్నాడు కాగితం ఓట్లు చేత్తో లెక్కపెట్టారు. నవీన్ రాంగులాం (2000 నోటు మీది తొలి ప్రధాని కొడుకు) లేబర్ పార్టీ, పాల్ బెరాంజే పార్టీ ఎంఎంఎం, మరో రెండు చిన్న పార్టీలు కలిసిన 'మార్పు కూటమి'కి ద్వీపంలోని 60కి 60. రోడ్రిగ్స్‌లోని రెండూ అక్కడి స్థానిక పార్టీకి. ప్రధానిగా ఉన్న ప్రవీంద్ జగన్నాథ్ సొంత సీటు కూడా పోగొట్టుకున్నాడు. ఎన్నికల ముందు ఫోన్ ట్యాపింగ్ రికార్డులు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. వాటిని వదిలే అజ్ఞాత ఖాతా పేరు 'మిస్సీ ముస్తాస్', అంటే మీసాలయ్య. ప్రభుత్వం కంగారుపడి సోషల్ మీడియా మొత్తం ఆపేసింది, మర్నాడే మళ్ళీ తెరిచింది. ఆ ఒక్క రోజుతో ఊగుతున్న వాళ్ళు కూడా తేల్చేసుకున్నారని డ్రైవర్ అన్నాడు.

ఇక్కడ ఆలోచించాల్సింది ఇంకోటుంది. ఓడిన కూటమికి ఓట్లే పడలేదా అంటే, నాలుగో వంతుకు పైగా పడ్డాయి. సీటు మాత్రం ఒక్కటీ రాలేదు. కారణం ఆ మూడు ఓట్ల పద్ధతి. ప్రతి ఓటరూ తన నంబరులో ముగ్గురికి వెయ్యాలి, తక్కువైతే కాగితం చెల్లదు. జనం మూడూ ఒకే కూటమికి గుద్దితే దాన్ని 'వోట్ బ్లోక్' అంటారు. మన దగ్గర ఒక గాలి వీస్తే నియోజకవర్గానికి ఒక సీటు ఎగిరిపోతుంది. వీళ్ళకు అదే గాలికి మూడు.

సాయంత్రం ఆప్రవాసి ఘాట్. 1834 నుంచి 1920 దాకా దాదాపు ఐదు లక్షల మంది కూలీలు ఓడ దిగింది ఈ రేవు ప్రాంతంలోనే. వాళ్ళు ఎక్కిన రాతి మెట్లు మిగిలాయి. మన కాకినాడ పక్క కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చినందుకు తెలుగువాళ్ళను ఇక్కడ 'కోరంగి' అనేవాళ్ళట. మెట్ల దగ్గర మా ఆవిడ చెప్పులు విప్పింది. ఎందుకని అడగలేదు.

రాత్రి మా బావమరిది ఫోన్. "ఏం బావా, పార్లమెంట్ చూశావా?" సభ లేదన్న సంగతి దాటేశాను. "అది సరే, మనవాళ్ళు ఎంతమంది గెలిచారు?" అన్నాడు. ఆ ప్రశ్న నాకూ ఉంది. రేపు కనుక్కుని చెప్తానన్నాను.

మూడో రోజు, బుధవారం

ఉత్తరానికి. నంబర్ 5, పాంప్లెమూస్–త్రియోలే.

పాంప్లెమూస్ తోటలో పళ్ళాలంత, కాదు, పెళ్ళివంటల గుండిగ మూతలంత ఆకుల తామరలు నీళ్ళ మీద పరుచుకుని ఉంటాయి. అంచులు జాన ఎత్తున పైకి లేచి ఉంటాయి. అందరూ ఫొటోలు అక్కడే తీసుకుంటారు. కాస్త ఇవతల శివసాగర్ రాంగులాం సమాధి ఉంది. అక్కడ మేమిద్దరమే ఉన్నాం.

1968లో స్వాతంత్ర్యం తెచ్చిన ఈ పెద్దమనిషిని 1982 జూన్ 11న ఇదే నంబర్ 5 జనం ఓడించారు. అరవైకి సున్నా అనే మాట పుట్టింది ఆ రోజే. ఎంఎంఎంకి 42, దాంతో జతకట్టిన పీఎస్ఎం పార్టీకి 18. అనిరుద్ధ్ జగన్నాథ్ (ప్రవీంద్ తండ్రి) ప్రధాని, బెరాంజే ఆర్థిక మంత్రి. అన్ని బెంచీలూ తమవే కదా, అయిదేళ్ళు నిశ్చింతగా ఏలుకుని ఉంటారనుకుంటాం. తొమ్మిది నెలలు. 1983 మార్చికల్లా బెరాంజే, ఆయనతోపాటు చాలామంది మంత్రులు రాజీనామా చేశారు. పొదుపు చర్యల మీద గొడవ, భాష మీద గొడవ, అన్నిటికీ మించి ప్రధాని పెద్దా పార్టీ పెద్దా అన్న గొడవ. జగన్నాథ్ కొత్త పార్టీ పెట్టుకున్నాడు. ఆగస్టులో మళ్ళీ ఎన్నికలు. స్వాతంత్ర్యం తర్వాత ఇంత పొట్టి సభ ఇంకోటి లేదు.

రెండో 60–0 1995 డిసెంబరులో. ఈసారి నవీన్ రాంగులాం, బెరాంజే ఒక జట్టు. 1997లో రాంగులాం బెరాంజేని మంత్రివర్గం నుంచి తీసేశాడు. ఆయన నేరుగా వెళ్ళి ప్రతిపక్ష నాయకుడి కుర్చీలో కూర్చున్నాడు.

మూడోది ఇప్పటిది. 2024లో మళ్ళీ అదే నవీన్ రాంగులాం ప్రధాని అయ్యాడు, అదే బెరాంజే ఉప ప్రధాని అయ్యాడు. మూడుసార్లూ గెలిచిన వైపే ఉన్న పెద్ద నాయకుడు బెరాంజే ఒక్కడే. స్పీకర్ కుర్చీలో షిరీన్ ఓమీరుద్దీ-సిఫ్రా. ఆమె 1982 సభ ప్రభుత్వంలో అటార్నీ జనరల్. అంటే అప్పటి తొమ్మిది నెలల కాపురం ఎలా కూలిందో దగ్గరగా చూసిన మనిషే ఇప్పుడు సభను అదుపులో పెట్టాలి. నేను వెళ్ళేనాటికి ఈ మూడో సభకు ఏడాది నిండలేదు. నా డ్యూటీ అనుభవంతో ఒకటి చెప్పగలను: ఒక్క ఓటుతో గెలిచినవాడు పక్కవాడిని పోనివ్వడు. అవతల ఎవరూ లేనివాడికే ఇవతలవాడు బరువవుతాడు.

మధ్యాహ్నం ఆవిడ కోరిక తీరింది, గ్రాఁ బే బీచ్. నీళ్ళు మన భీమిలిలా మీదకు రావు, చెరువులా ఉంటాయి. "ఇదేం సముద్రం, అలే లేదు" అని పెదవి విరిచింది.

నాలుగో రోజు, గురువారం

నంబర్ 8, కార్తియే మిలితేర్–మోకా. ప్రవీంద్ జగన్నాథ్ ఓడిన చోటు. కానీ నేను వెళ్ళింది మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ కోసం. తెలుగు బోధించే విభాగం ఉందక్కడ. వలస కూలీల రిజిస్టర్లు కూడా అక్కడే భద్రపరిచారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు. రెవెన్యూ గుమస్తా రాత ఏ దేశంలోనైనా ఒకటే: మనిషిని గళ్ళలో కుదించడం. నేనూ అదే చేసి పెన్షన్ తీసుకుంటున్నాను.

గళ్ళ మాట వచ్చింది కాబట్టి ఓడిపోయినవాళ్ళ కథ చెప్పాలి. దీన్ని 'బెస్ట్ లూజర్' పద్ధతి అంటారు. 200 నోటు మీదున్న రజాక్ మొహమ్మద్ లాంటివాళ్ళు పట్టుబట్టి సాధించింది. స్వాతంత్ర్యానికి ముందు, తమ సంఖ్య తక్కువ కాబట్టి సభలో చోటు దొరకదని ముస్లింలకు భయం. అందుకని రాజ్యాంగంలోనే నాలుగు గళ్ళు గీశారు: హిందూ, ముస్లిం, చైనీస్, సాధారణ జనాభా. నామినేషన్ వేసే ప్రతివాడూ తను ఏ గడివాడో రాసి ఇవ్వాలి. మొదటి మూడింట్లో ఇమడనివాడు, తన 'జీవన విధానం' బట్టి, నాలుగో గడిలో పడతాడు. జీవన విధానం అన్న మాట రాజ్యాంగంలోనే ఉంది. దాన్ని ఏ తహసీల్దారు విచారించి ధ్రువపత్రం ఇస్తాడో ఊహించుకుంటే నవ్వొచ్చింది.

ఫలితాలొచ్చాక లెక్క సులువు. ఒక్కో వర్గం జనాభాను, వాళ్ళకు వచ్చిన సీట్లకు ఒకటి కలిపి భాగించాలి. ఎక్కువ వచ్చిన వర్గానికి సీటు బాకీ. ఆ వర్గం నుంచి ఓడినవాళ్ళలో మంచి ఓట్లు తెచ్చుకున్నవాడిని పిలిచి ప్రమాణం చేయిస్తారు. మొదటి నాలుగు ఇలా వర్గాన్ని చూసి, తర్వాతి నాలుగు పార్టీల బలాబలాలు చెడకుండా. 2024లో నలుగురితో ఆగింది, సభ 66 మంది. ఆ నలుగురిలో ఇద్దరు రోడ్రిగ్స్‌వాళ్ళు. మిగతా ఇద్దరు ఓడిన కూటమివాళ్ళు, జో లెజోంగార్, అద్రియాన్ దువాల్. లెజోంగార్ ప్రతిపక్ష నాయకుడయ్యాడు. ఈ అద్రియాన్ మన 1000 నోటు గేతాఁ దువాల్ మనవడు. 1982 సభలో తాతగారు కూడా ఇలాగే ఓడినవాళ్ళ దారిలో లోపలికొచ్చి ప్రతిపక్ష నాయకుడయ్యాడు. ఓడినవాళ్ళను కూర్చోబెట్టే నియమమే లేకపోతే ఆ మూడు సభల్లో మొదట్లో ద్వీపం తరఫున ఎదురు ప్రశ్న వెయ్యడానికి దిక్కుండేది కాదు.

ఏ జనాభా లెక్కతో భాగిస్తారు? 1972 నాటిది. ఇప్పటికీ అదే. 1982లో గెలిచిన ఆ 60 మంది చేసిన పనుల్లో ఇదొకటి: జనాభా లెక్కల్లో వర్గం అడగడం ఎత్తేశారు. మనుషుల్ని గళ్ళల్లో పెట్టొద్దనే ఉద్దేశం. కానీ సీట్ల లెక్కలో గళ్ళు తియ్యలేదు. దాంతో ఎప్పుడో పోయినవాళ్ళ తలలు లెక్కపెట్టి ఇప్పటి సీట్లు పంచుతున్నారు. గడి రాయనన్న అభ్యర్థులు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్ళారు. 2012లో కమిటీ వాళ్ళ వైపే చెప్పింది. 2014 ఎన్నికలకు మాత్రం రాయక్కర్లేదని సడలించి, మళ్ళీ మామూలే. ఆ కేసు నడిపిన చిన్న పార్టీ 2024లో గెలిచిన కూటమిలో ఒకటి, దాని నాయకుడు అశోక్ సుబ్రన్ మంత్రి అయ్యాడు.

మరి తెలుగువాళ్ళు? బయట మాటల్లో తెలుగు, తమిళం, మరాఠీ, హిందీ వేరువేరు. ఉగాదికి దేశమంతా సెలవు. బళ్ళో తెలుగు తీసుకోవచ్చు. రాజ్యాంగం గళ్ళలో మాత్రం తెలుగు లేదు, హిందూ గడిలో కలిసిపోతారు. ఇంటిపేర్లు పట్టుకుని లెక్కపెడదామని ఫోన్లో 66 పేర్ల జాబితా తీశాను. 'సామి', 'అప్ప', 'డూ' అని కనిపించిన చోటల్లా ఆగాను. తమిళమో తెలుగో తేలలేదు. అరగంట తర్వాత నాకే సిగ్గేసింది. ఉద్యోగంలో ఉండగా నామినేషన్లు పడ్డ సాయంత్రం ఆఫీసు గుమ్మంలో విలేఖరులు చేసే పని ఇదే. వాళ్ళను విసుక్కునేవాణ్ణి.

ఐదో రోజు, శుక్రవారం

పొద్దంతా వాన. కాత్ర్ బోర్న్ చలి మన డిసెంబరు అరకులోయను గుర్తుచేసింది. గదిలోనే ఉన్నాం.

సాయంత్రం మేమున్న ఇంటి యజమానురాలు, డెబ్భై దాటిన మనిషి, భజనానికి తీసుకెళ్ళింది. ఆవిడ ముత్తాత విశాఖ జిల్లావాడట, ఊరి పేరు పోయింది. మాట్లాడేది క్రియోల్ (ఫ్రెంచి లోంచి పుట్టిన అక్కడి వాడుక భాష), కాస్త హిందీ. తెలుగు మాటలు చారెడు మిగిలాయి: అమ్మోరు, దీపం, అప్పన్న, తమ్ముడు, పులుసు. నేను విశాఖవాణ్ణని తెలిసిన దగ్గర్నుంచి 'తమ్ముడు' అనే పిలుస్తోంది. చిన్న రేకుల గుడి. మధ్యలో నిలువెత్తు దీపపు సెమ్మె, దాని చుట్టూ తాళాలు వేస్తూ మగవాళ్ళు తిరుగుతున్నారు. పాటలో మాటలు అరిగిపోయి చాలావరకు అర్థం కాలేదు. 'సింహాద్రి' అన్న మాట వచ్చినప్పుడు మాత్రం మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. మా కొండకు ఐదువేల కిలోమీటర్ల దూరంలో, దాన్ని ఎప్పుడూ చూడనివాళ్ళు పాడుతున్నారు.

ప్రసాదం తింటూ అక్కనే అడిగేశాను, పార్లమెంటులో మనవాళ్ళు ఎంతమందని. నవ్వింది.

"నాకు మూడు ఓట్లు తమ్ముడూ. ఎప్పుడూ ఒకటి ఇష్టానికి వేస్తా, ఒకటి మొహమాటానికి, ఒకటి మా ఆయన మాటకి. మనవాడికి వేసేది ఆ మొహమాటం ఓటే."

"పోయినసారో?"

"మూడూ కోపానికే."

ఇన్నేళ్ళ కౌంటింగ్ డ్యూటీలో అరవైకి సున్నా గురించి ఇంత పొట్టి రిపోర్టు నేను రాసి ఉండను.

ఆరో రోజు, శనివారం

తిరుగు ప్రయాణం. విమానాశ్రయంలో మిగిలిన నోట్లు మార్చుకున్నాం. దువాల్ ఎప్పుడో హోటల్‌కి పోయాడు, బిసూన్‌దయాళ్ టాక్సీకి. రజాక్ మొహమ్మద్‌ని ఇచ్చి ఆవిడ పచ్చిమిరప ఊరగాయ సీసా కొంది. అది బ్యాగులో కారి నా రెండు చొక్కాలు పాడయ్యాయి. ఆ-చువెన్ 25 నోటు ఒకటి జేబులో ఉండిపోయింది.

విశాఖ వచ్చాక బావమరిదికి ఆ నోటిచ్చాను. వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి, తెలుగు అక్షరం కోసం వెతికాడు. తర్వాత బొమ్మ మీద వేలు పెట్టి అడిగాడు.

"ఎవరు బావా ఈయన? గెలిచినవాడా, ఓడినవాడా?"